మూడో రిచర్డ్ దోషేనా? – ఔత్సాహిక చరిత్రకారులు అడిగిన ప్రశ్న

చరిత్ర రాసే పని విశ్వవిద్యాలయాల ఆచార్యులదేనా? వేరే వృత్తుల్లో ఉన్నవారు, ఆసక్తి కొద్దీ పాత కాగితాలు తిరగేసేవారు అంగీకృత చరిత్రను ప్రశ్నించవచ్చా? ప్రశ్నిస్తే వారి మాటకు ఎంత విలువ ఇవ్వాలి? ఇంగ్లండ్ చరిత్రలో ఐదు శతాబ్దాలుగా నలుగుతున్న ఒక ఉదంతం ఆధారంగా ఈ విషయాన్ని పరిశీలిద్దాం.

జరిగినదేమిటి?

ఇంగ్లండ్ రాజు నాలుగో ఎడ్వర్డ్ 1483 ఏప్రిల్ 9న మరణించాడు. అతని పెద్ద కుమారుడు ఐదో ఎడ్వర్డ్ వయసు అప్పుడు 12 ఏళ్లు. పిల్లవాడు పెద్దయ్యేవరకు రాజ్య సంరక్షణ బాధ్యతను పినతండ్రి రిచర్డ్ చేపట్టాడు. బాలుణ్ణి పట్టాభిషేకం పేరుతో లండన్ టవర్ కోటలో ఉంచారు. తొమ్మిదేళ్ల తమ్ముణ్ణి కూడా జూన్ 16న అక్కడికే చేర్చారు. ఇంతలో ఒక వాదన బయటికి వచ్చింది. నాలుగో ఎడ్వర్డ్ తన పెళ్లికి ముందే మరొక స్త్రీకి వివాహ వాగ్దానం చేశాడు కాబట్టి ఆ పెళ్లి చెల్లదు, పిల్లలకు వారసత్వం లేదు అన్నది ఆ వాదన. జులై 6న పినతండ్రే మూడో రిచర్డ్‌గా పట్టాభిషిక్తుడయ్యాడు. ఆ వేసవి తరువాత పిల్లలిద్దరూ ఎవరి కంటా పడలేదు.

రెండేళ్లు తిరిగేసరికి, 1485 ఆగస్టు 22న, బోస్‌వర్త్ యుద్ధంలో రిచర్డ్ చనిపోయాడు. గెలిచిన హెన్రీ ట్యూడర్ ఏడో హెన్రీ అయ్యాడు.

నింద ఎలా స్థిరపడింది?

ఈ కథను మనకు చెప్పినవారిలో ఎక్కువమంది ట్యూడర్ల కాలంవారు. సర్ థామస్ మోర్ తన రచనను 1513 ప్రాంతంలో మొదలుపెట్టాడు. పిల్లలు మాయమయ్యేనాటికి అతను అయిదారేళ్ల పసివాడు. రిచర్డ్ ఆజ్ఞపై సర్ జేమ్స్ టిరెల్ మనుషులు పిల్లలను పక్కమీదే ఊపిరాడకుండా చేసి చంపారని, 1502లో శిక్షకు ముందు టిరెల్ ఒప్పుకున్నాడని మోర్ రాశాడు. ఆ ఒప్పుకోలు పత్రం మాత్రం దొరకలేదు. తరువాత షేక్‌స్పియర్ నాటకం రిచర్డ్‌ను గూనివాడుగా, చెయ్యి ఎండిపోయిన క్రూరుడుగా లోకమంతటికీ చూపించింది.

1674లో టవర్ కోటలో ఒక మెట్లదారిని కూల్చుతుండగా ఇద్దరు పిల్లల ఎముకలు బయటపడ్డాయి. అవి రాకుమారులవేనని భావించి వెస్ట్‌మినిస్టర్ ఆబీలో భద్రపరిచారు. 1933లో పరీక్షించినవారు వయసులు సరిపోతున్నాయన్నారు. కానీ అవి మగపిల్లలవో ఆడపిల్లలవో కూడా తేల్చలేకపోయారు. డీఎన్ఏ పరీక్షలు అప్పటికింకా లేవు.

ఎదురు ప్రశ్న వేసినవారు

రిచర్డ్ తరఫున మాట్లాడినవారు మొదటినుంచీ ఉన్నారు. 1619 నాటికే సర్ జార్జ్ బక్ అతన్ని సమర్థిస్తూ గ్రంథం రాశాడు. 1768లో హొరేస్ వాల్పోల్ సందేహాలు లేవనెత్తాడు. 1906లో క్లెమెంట్స్ మార్కమ్ నేరాన్ని ఏడో హెన్రీ మీదికి తిప్పాడు. హెన్రీ ఆ పిల్లల అక్క ఎలిజబెత్‌ను పెళ్లాడాడు. ఆమె హక్కును నిలబెట్టడానికి నాలుగో ఎడ్వర్డ్ పెళ్లి చెల్లదన్న చట్టాన్ని రద్దు చేయించాడు. అప్పుడు తమ్ముళ్లు బతికి ఉంటే సింహాసనం వారిదే అవుతుంది కదా అన్నది ఈ వాదనలోని బలం.

1924లో లివర్‌పూల్‌కు చెందిన శస్త్రవైద్యుడు సాక్సన్ బార్టన్ మిత్రులతో కలిసి ఒక సంఘం స్థాపించాడు. రిచర్డ్ చిహ్నమైన తెల్ల అడవిపంది పేరు దానికి పెట్టారు. అదే తరువాత రిచర్డ్ III సొసైటీ అయింది. 1951లో జోసెఫిన్ టే రాసిన డిటెక్టివ్ నవల, ఆసుపత్రి మంచంమీద ఉన్న ఒక పోలీసు అధికారి చేత ఈ కేసును తిరిగి విచారణ చేయించి, వేలమంది పాఠకులను ఈ వైపు తిప్పింది.

లెస్టర్ తవ్వకం

రిచర్డ్ శవాన్ని లెస్టర్ పట్టణంలోని గ్రేఫ్రయర్స్ మఠంలో పూడ్చారు. ఎముకలను తరువాత నదిలో పారేశారని జనశ్రుతి. సొసైటీ సభ్యురాలు, సినిమా రచయిత్రి ఫిలిప్పా లాంగ్లీ దీన్ని నమ్మలేదు. మఠం ఉండిన చోటు ఒక కార్ పార్కింగ్ స్థలం కింద ఉందని పట్టుబట్టి, సభ్యుల విరాళాలు సేకరించి, లెస్టర్ విశ్వవిద్యాలయ పురావస్తు నిపుణులను ఒప్పించింది. 2012 ఆగస్టు 25న, తవ్వకం మొదలైన రోజునే, కాలి ఎముకలు కనిపించాయి. చరిత్రకారుడు జాన్ యాష్‌డౌన్-హిల్ రిచర్డ్ అక్క ఆన్ సంతతిని తల్లుల వరుసలో కెనడా దాకా వెతికి పట్టుకున్నాడు. వారి డీఎన్ఏ అస్థిపంజరంతో సరిపోయింది. ఇది రిచర్డేనని 2013 ఫిబ్రవరి 4న ప్రకటించారు. 2015 మార్చి 26న లెస్టర్ కెథెడ్రల్‌లో తిరిగి ఖననం చేశారు.

ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా గమనించండి. రిచర్డ్ వంకర శరీరం ట్యూడర్ల కల్పన అని అభిమానులు చాలాకాలం వాదించారు. ఒక పాత చిత్రంలో భుజాన్ని తరువాత ఎత్తుగా దిద్దినట్లు ఎక్స్‌రేలో తెలియడం వారికి ఊతమిచ్చింది. కానీ అస్థిపంజరంలో వెన్నెముక పక్కకు బాగా వంగి ఉంది. కుడి భుజం ఎడమదానికంటే ఎత్తుగా ఉండేదని నిపుణులు తేల్చారు. గూని లేదు, ఎండిపోయిన చెయ్యి లేదు. అంటే ట్యూడర్ల రచయితలు పెంచి చెప్పారు. పూర్తిగా పుట్టించి చెప్పలేదు. మట్టి కింద దొరికిన సాక్ష్యం రెండు పక్షాలనూ సరిదిద్దింది.

పిల్లలు బతికే ఉన్నారా?

లాంగ్లీ 2016లో రాకుమారుల కోసం మరో అన్వేషణ ప్రారంభించింది. ఐరోపా దేశాల దస్త్రాలను స్వచ్ఛంద పరిశోధకులు వెతికారు. 2023లో ఆమె వెల్లడించిన వాటిలో ముఖ్యమైనవి రెండు. ఒకటి, ఫ్రాన్స్‌లోని లిల్ నగర దస్త్రాల్లో దొరికిన 1487 డిసెంబరు నాటి రశీదు. ఎడ్వర్డ్ రాజు కుమారుడి కోసం ఆయుధాలు కొన్నట్లు అందులో ఉంది. రెండోది, నెదర్లాండ్స్‌లో దొరికిన వ్రాతప్రతి. చిన్న రాకుమారుడు తాను టవర్ నుంచి ఎలా తప్పించుకున్నదీ స్వయంగా చెబుతున్నట్లు అది ఉంది. ఇద్దరూ బతికే ఉన్నారనీ, ఏడో హెన్రీపై తిరుగుబాటు చేసినవారు వారేననీ లాంగ్లీ నిర్ణయానికి వచ్చింది.

చాలామంది చరిత్రకారులు దీన్ని అంగీకరించలేదు. పత్రాలు అసలైనవే కావచ్చు. అయితే ఒక యువకుణ్ణి రాకుమారుడని అతని పక్షంవారు అన్నారని మాత్రమే అవి రుజువు చేస్తాయి. అతను నిజంగా రాకుమారుడని కాదు. పైగా 2024లో ఆచార్య టిమ్ థార్న్‌టన్ మరో పత్రం వెలికి తీశాడు. టిరెల్‌కు భార్య తరఫు దగ్గరి బంధువైన మార్గరెట్ కేపెల్ 1516లో రాసిన వీలునామాలో, ఐదో ఎడ్వర్డ్‌దైన ఒక గొలుసు ప్రస్తావన ఉంది. టవర్‌లో ఉన్న బాలుడి నగ ఆ కుటుంబంలోకి ఎలా వచ్చింది? ఇదీ హత్యను రుజువు చేయదు, కానీ మోర్ కథను తేలిగ్గా కొట్టిపారేయనివ్వదు.

ట్యూడర్లతో సంబంధంలేని సాక్షి కూడా ఒకడున్నాడు. 1483లో లండన్‌లో ఉన్న ఇటలీవాడు డొమినిక్ మాన్సినీ, పిల్లలు రోజురోజుకూ తక్కువగా కనిపించసాగారనీ, పెద్దవాణ్ణి చంపారన్న అనుమానం జనంలో ఉందనీ అదే ఏడాది రాశాడు. కాబట్టి అనుమానం ట్యూడర్లు పుట్టించింది కాదు.

మనం గ్రహించవలసినది

పడ్డవాడు ఎన్నడూ చెడ్డవాడు కాడని సామెత. చరిత్ర విచారణలో ఆ సామెత చెల్లదు. ఓడినవాడిపై గెలిచినవారు నిందలు పెంచి ఉండవచ్చు; అంతమాత్రాన ఓడినవాడు నిర్దోషి అయిపోడు. ఔత్సాహికులు అడగకపోతే ఆ సమాధి దొరికేది కాదు, ఆ రశీదుకు ఇంత ప్రాచుర్యం వచ్చేది కాదు. ఆ ఘనత వారిదే. అయితే ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఎవరి మేలుకోసం రాశారు అని వారు మోర్‌ను అడిగిన ప్రశ్నలనే, తమకు నచ్చిన పత్రాన్నీ అడగాలి. పట్టాలున్న పండితుడికైనా, ఆసక్తితో వచ్చిన సామాన్యుడికైనా కొలబద్ద ఒక్కటే. మీ పాఠ్యపుస్తకంలో ఏ రాజునైనా క్రూరుడనో, ధర్మాత్ముడనో చదివినప్పుడు ముందుగా ఆ మాట ఎవరిదో కనుక్కోండి.