కొండెక్కిన మహాచైత్యం: నాగార్జునకొండ బౌద్ధారామాల కథ

నాగార్జునసాగర్ జలాశయం నడుమ దీవిగా నిలిచిన కొండ నాగార్జునకొండ. పల్నాడు జిల్లాలోని విజయపురి సౌత్ రేవు నుంచి లాంచీలో అక్కడికి వెళ్తారు. జలాశయం రాకముందు ఈ కొండ పాదాన, కృష్ణ కుడిగట్టున విశాలమైన లోయ ఉండేది. క్రీ.శ. 3వ శతాబ్దంలో శాతవాహనుల తర్వాత వచ్చిన ఇక్ష్వాకులు ఆ లోయలో విజయపురిని రాజధానిగా కట్టుకున్నారు. శాసనాలు ఈ చోటును శ్రీపర్వతమని పిలిచాయి.

ఇక్ష్వాకుల్లో మొదటివాడు శాంతమూలుడు వైదిక మతాభిమాని, అశ్వమేధం చేసిన రాజు. బౌద్ధాన్ని నిలబెట్టింది మాత్రం ఆ ఇంటి ఆడవాళ్లే. ఆయన సోదరి శాంతిశ్రీ తన మేనల్లుడు వీరపురుషదత్తుని 6వ పాలనా సంవత్సరంలో మహాచైత్యానికి స్తంభాలు నిలిపింది. వీరపురుషదత్తుని రాణి భట్టిదేవి బహుశ్రుతీయ శాఖ భిక్షువులకు విహారం కట్టించింది. రాజకుటుంబానికి చెందని బోధిశ్రీ అనే ఉపాసిక సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం నిర్మించింది. లోయలో ముప్పైకి పైగా వెలసిన బౌద్ధారామాలకు ఇలాంటి దానాలే ఆధారం.

ఇక్కడి స్తూపాల్లో పెద్దది మహాచైత్యం. దాని వ్యాసం 106 అడుగులు. పైకి నిండు అండంలా కనిపించినా లోపలి కట్టడం బండిచక్రం లాంటిది. నడుమ నుంచి అంచు దాకా ఆకుల్లా ఇటుక గోడలు కట్టి, మధ్య అరలను మట్టితో నింపారు. దీంతో ఇటుక ఖర్చు తగ్గింది, బరువు గోడలన్నిటికీ పంచుకుపోయింది. నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకొచ్చిన ఆయక వేదికలపై అయిదేసి స్తంభాలు ఉండేవి. బుద్ధుని జననం, మహాభినిష్క్రమణం, సంబోధి, ధర్మచక్ర ప్రవర్తనం, మహాపరినిర్వాణాలకు అవి గుర్తులు.

ఆరామాల అమరిక దాదాపు ఒకే తీరు. ముందు స్తూపం, దాని దగ్గర వెనుక గోడ గుండ్రంగా ఉండే గజపృష్ఠాకార చైత్యగృహం, ఆపై స్తంభాల మండపం చుట్టూ భిక్షువుల గదులు. గడపల ముందు సింహళంలో మాదిరి అర్ధచంద్రాకారపు చంద్రశిలలు పరిచారు. స్తంభాలకూ శిల్పాలకూ వాడింది పల్నాటి సున్నపురాయే.

1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే ఉపాధ్యాయుడు ఈ శిథిలాల సంగతి పురావస్తు శాఖ దృష్టికి తెచ్చాడు. ఆ మరుసటి ఏడు ఆ శాఖకు చెందిన లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు మొదలుపెట్టాడు. మహాచైత్యంలో నడిమధ్యన కాక, అంచు అరల్లో ఒకదానిలో వెండి భరిణె దొరికింది. దానిలో బంగారు భరిణె, అందులో బఠాణీ గింజంత ఎముక ముక్క ఉన్నాయి. ఆ ధాతువు తర్వాత సారనాథ్‌లోని మూలగంధకుటి విహారానికి చేరింది.

1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. లోయ మునిగిపోక తప్పదని అంతకుముందే తేలడంతో పురావస్తు శాస్త్రవేత్త ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో 1954 నుంచి 1960 దాకా లోయంతటా తవ్వకాలు సాగాయి. ముఖ్యమైన కట్టడాలను విప్పి కొండమీదికీ, ఒడ్డున అనుపుకూ తరలించి తిరిగి కట్టారు. మహాచైత్యం, సింహళ విహారం, సున్నపురాతి స్నానఘట్టం కొండమీద ఉన్నాయి. మెట్లబారుల రంగస్థలం, పెద్ద విహారం ఒకటి అనుపులో ఉన్నాయి. శిల్పాలకు, ధాతు భరిణెలకు దీవిలోనే మ్యూజియం కట్టారు. విజయపురి నేల నీటి అడుగున ఉండిపోయినా, శాంతిశ్రీ, బోధిశ్రీల దానశాసనాలు మాత్రం నేటికీ చదువుకోవడానికి దక్కాయి.