ముల్లెలో పహాణీ, ముందర వకీలు

కాళేశ్వరం గుడిలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలుంటాయి. ఒకటి ముక్తీశ్వరుడిది, రెండోది కాలుడిది, అంటే యముడిది. మొదటి మొక్కు యముడికే. పాపపుణ్యాల తీర్పరికి ముందుగా దండం పెట్టించే ఈ ఊరికి మనుషులు నడిపే కోర్టులు మాత్రం చాలాకాలం దూరంగానే ఉండిపోయాయి. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే రేవులో నిలబడితే ఎదుటి ఒడ్డున సిరోంచ. 1860 నుంచి 1874 దాకా అది ఇంగ్లీషువాళ్ల ఎగువ గోదావరి జిల్లాకు కేంద్రం. రెండు ఒడ్డుల మీదా తెలుగువాళ్లే. కానీ పడవ దిగితే రాజ్యం మారేది, దానితో పాటు చట్టం మారేది. అటు బ్రిటిష్ సర్కారు కచేరీ, ఇటు నిజాం అదాలతు.

నిజాం అదాలతు భాష 1884 దాకా ఫారసీ, ఆ తర్వాత ఉర్దూ. దావా, వకాలత్నామా, పేషీ, మిసిలు, నకలు అనే మాటలన్నీ ఆ దారినే వచ్చి తెలుగులో స్థిరపడ్డాయి. వకీలు కూడా అలా వచ్చినవాడే. ఒక్క మాట మాత్రం దారిలో తలకిందులైంది. ఉర్దూలో ‘ముద్దయీ’ అంటే దావా వేసినవాడు. తెలుగులో ‘ముద్దాయి’ అంటే నేరం మోపబడినవాడు. తన భూమి కోసం తానే దావా వేసి, కాగితం మీద తన పేరు పక్కన ఆ మాట ఉందని విని ఎవరైనా రైతు బెదిరిపోయి ఉంటే ఆ తప్పు అతనిది కాదు. అలాంటి మనిషికి వకీలు ముందుగా చేసిపెట్టే పని వాదన కాదు. కాగితంలో ఏముందో అతని భాషలో చదివి చెప్పడం.

ఆ భాష లోటు వకీళ్లకూ తగిలింది. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధిని ఆవరణలో జరిగిన సంఘ సంస్కార సభలో అల్లంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో మాట్లాడబోతే సభలో గేలి చేశారు. ఆ అవమానంలోంచే ఆంధ్ర జన సంఘం పుట్టింది. దాన్ని నిలబెట్టిన మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు ఇద్దరూ వకీళ్లే. పొద్దంతా ఉర్దూలో వాదించేవాళ్లే తెలుగు కోసం సంఘం కట్టారన్నది తెలంగాణ చరిత్రలో గుర్తుంచుకోవలసిన సంగతి. 1952లో బూర్గుల హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యారు. ఆయన దగ్గర జూనియర్‌గా పనిచేసిన పి.వి. నరసింహారావు 1957లో మంథని నుంచి శాసనసభకు వెళ్లారు. కాళేశ్వరం ఆ నియోజకవర్గంలోదే. 1960లలో ఆయన ఆంధ్రప్రదేశ్ న్యాయశాఖ మంత్రిగానూ పనిచేశారు.

జనగామ వైపు కథ మరీ గట్టిది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకు చేసుకుంటున్న భూమి మీద విసునూరు దేశ్‌ముఖ్ కన్నుపడింది. పంట కోసుకుపోవడానికి గూండాలు వచ్చారు, కేసులూ పడ్డాయి. ఐలమ్మ పక్షాన నిలిచిన వకీలుగా తెలంగాణలో కొండా లక్ష్మణ్ బాపూజీ పేరు చెప్పుకుంటారు. దేశ్‌ముఖ్‌కు ఎదురు వెళ్లే వకీలు దొరకడమే ఆ రోజుల్లో సగం గెలుపు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య దేశ్‌ముఖ్ గూండాల తూటాకు నేలకొరిగాక రైతుల పోరాటం కోర్టులను దాటి సాయుధ పోరాటమైన సంగతి అందరికీ తెలిసిందే.

అందరికీ తెలియంది దాని తర్వాతి సంగతి. హైదరాబాదు రాజ్యాన్ని భారత్‌లో కలిపిన పోలీసు చర్య తర్వాత ప్రత్యేక ట్రిబ్యునళ్లు విచారించి తెలంగాణ రైతు పోరాటంలో 12 మందికి ఉరిశిక్ష వేశాయి. వాళ్ల తరఫున వాదించడానికి లండన్ నుంచి బారిస్టరు డి.ఎన్. ప్రిట్ వచ్చారు. జనార్దన్ రెడ్డి పేరుతో నడిచిన ఆ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ముందు ఒక సూటి ప్రశ్న నిలిచింది: ప్రాణం మీదికి వచ్చిన విచారణలో వకీలు లేనివాడికి కోర్టే వకీలును పెట్టాలా, వద్దా? వకీలు లేనంత మాత్రాన విచారణ చెల్లకుండా పోదని 1951లో కోర్టు చెప్పింది. ఆ తర్వాత ఉరి తప్పి అవి యావజ్జీవ శిక్షలుగా మారాయి. ప్రశ్న మాత్రం చావలేదు. 1976లో ఉచిత న్యాయసహాయం రాజ్యాంగంలోకి 39-ఎ అధికరణంగా ఎక్కింది. 1987లో న్యాయసేవల చట్టం వచ్చింది, 1995 నవంబరు 9న అమల్లోకి దిగింది. పేదవాడికి సర్కారు వకీలును ఇవ్వాలన్న మాట సుప్రీంకోర్టు చెవిన మొదటి రోజుల్లోనే వేసినవాళ్లలో మన పల్లెల రైతులున్నారు. పాఠ్యపుస్తకాలలో ఈ సంగతికి ఒక పేజీ దక్కాలి.

ఇక వకీలు గడప తొక్కే మొదటి రోజు. భూపాలపల్లి, జనగామ, మహబూబాబాద్ జిల్లాల్లో ఆ రోజు తరచుగా ఒక గుడ్డ ముల్లెతో మొదలవుతుంది. పాత చీరముక్కలోనో ఎరువుల సంచిలోనో చుట్టి ఇనుప పెట్టె అడుగున దాచిన కాగితాలు. విప్పితే మడతల దగ్గర చినిగిన సాదా బైనామా, తెల్లకాగితం మీద కొనుగోలు రాత, కింద ఊదారంగు వేలిముద్రలు. దాని కింద శిస్తు రసీదులు, ఏ భూమి ఎవరి పట్టా, ఎవరి సాగులో ఉందో చెప్పే పహాణీ నకళ్లు, పట్టాదారు పాస్‌బుక్. అనుభవమున్న వకీలు ముందుగా వెతికేది 1954-55 ఖాస్రా పహాణీ. తెలంగాణలో భూమి వివాదం ఎన్ని తరాలు నడిచినా చివరికి ఆ సంవత్సరం దగ్గరికే వెళుతుంది. 1950 కౌలుదారీ చట్టం కింద తాతకు రక్షిత కౌలు ఉందా అన్నదీ ఆ కాలపు కాగితాల్లోనే తేలాలి.

తర్వాతివి తారీఖులు. బైనామా రాసింది ఎప్పుడు? రిజిస్ట్రీ చేయనని అవతలివాడు తెగేసి చెప్పింది ఎప్పుడు? ఒప్పందం అమలు కోసం దావాకు గడువు 3 ఏళ్లు, హక్కు మీద స్వాధీనం అడగడానికి 12 ఏళ్లు. సమన్లు వచ్చి ఉంటే జవాబు దావా 30 రోజుల్లో వేయాలి, కోర్టు ఒప్పుకుంటే 90 దాకా. అందుకే సమన్ల కవరు పారేయకుండా తెచ్చినవాడిని చూస్తే గుమాస్తాకు ప్రాణం లేచొస్తుంది. తనకు గిట్టని కాగితాన్ని ఇంట్లోనే వదిలేసి వచ్చినవాడితోనే చిక్కు. అన్నదమ్ముల పంపకం రాత దాచితే అది అవతలి వకీలు చేతిలోంచి బయటికి వస్తుంది. వకీలుకు చెప్పుకున్న గుట్టుకు చట్టం కాపు ఉంది. గెలిస్తే భూమిలో ఇంత వాటా అని ఫీజు మాట్లాడుకోవడాన్ని బార్ కౌన్సిల్ నియమాలు ఒప్పుకోవు. వకాలత్నామా మీద వేలు పెట్టే ముందు ఫీజు ఎంత, కోర్టు ఖర్చులు వేరా అని నోరు తెరిచి అడగడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

దూరమూ కొంత తగ్గింది. ఒకప్పుడు కాళేశ్వరం మనిషికి జిల్లా కోర్టంటే కరీంనగర్, 100 కిలోమీటర్లకు పైనే. మానుకోట అని పిలిచే మహబూబాబాద్‌కు, జనగామకు వరంగల్. 2016 అక్టోబరు 11న జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలయ్యాయి, 2022లో వాటికి జిల్లా కోర్టులు వచ్చాయి. 2023లో తెలంగాణ హైకోర్టు తెలుగులోనూ తీర్పు వెలువరించింది. అదీ ఒక భూమి తగాదాలోనే.

జిల్లా న్యాయసేవాధికార సంస్థలో వకీలు ఉచితం. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయం ఎంతని అడగరు. 15100కు ఫోను చేసినా దారి చెబుతారు. అక్కడా బల్ల మీద అదే ముల్లె విప్పాలి. వకీలు పహాణీ నకలు తిప్పి అనుభవదారు గడి మీద వేలు పెట్టి అడుగుతాడు: “పట్టా సరే అవ్వా, ఇప్పుడు దున్నుతున్నది ఎవరు?”