ఊరి నడుమ ఎగ్జిబిట్

విజయవాడ నుంచి చెన్నై వెళ్లే రైలు తెనాలి దాటిన కాసేపటికి చుండూరు అనే చిన్న స్టేషన్ మీదుగా పోతుంది. పెద్ద బళ్లు అక్కడ ఆగవు. ఏలూరు, తాడేపల్లిగూడెం వైపు నుంచి చదువుకో ఉద్యోగానికో చెన్నై వెళ్లే మాలాంటివాళ్లం ఆ బోర్డు చదివేలోపే అది వెనక్కి వెళ్లిపోతుంది. కిటికీలోంచి కనిపించేవి వరి చేలు, పంట కాలవ, మురుగు కాలవ. మా కొల్లేరు వైపు పొలాలకీ వీటికీ పెద్ద తేడా ఉండదు. 1991 ఆగస్టు 6న ఆ చేలల్లో ఎనిమిది మంది దళితుల్ని తరిమి తరిమి చంపారు. చంపి, కొందరి శవాల్ని గోనెసంచుల్లో కుక్కి, తుంగభద్ర డ్రెయిన్‌లోనూ కాలవల్లోనూ పడేశారు. కొల్లేట్లోకి దిగే డ్రెయిన్ల పక్కన పెరిగినవాళ్లకి ఆ నీళ్లు ఎలా ఉంటాయో, అందులో పడింది ఎక్కడ తేలుతుందో విడిగా చెప్పక్కర్లేదు.

ఆ శవాల్ని ఊరి బయట శ్మశానానికి తీసుకెళ్లలేదు. ఊరి నడుమే పూడ్చారు. ఆ చోటుకి రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. ఏటా ఆగస్టు 6న అక్కడ జనం చేరతారు. టికెట్టు లేదు, గైడు లేడు, గాజు పెట్టెలు లేవు. ఒక దాడి గురించి మన నేలమీద శాశ్వతంగా పెట్టిన ప్రదర్శన ఏదైనా ఉందా అంటే, నా దృష్టిలో ఇదే. దీన్ని ప్రదర్శన అని ఎందుకంటున్నానో చెప్పాలంటే ముందు చుండూరు కథలోకి వెళ్లాలి.

చుండూరు అప్పట్లో గుంటూరు జిల్లా, ఇప్పుడు బాపట్ల జిల్లా. అక్కడి దళితుల్లో చాలామందికి చదువొచ్చింది, కొందరికి పక్కనే ఉన్న రైల్వేలో పని దొరికింది. కూలికోసం రెడ్ల చేల మీదే పూర్తిగా ఆధారపడాల్సిన అవసరం తగ్గింది. ఎదురుపడితే తలదించుకుని పక్కకి తప్పుకునే అలవాటు కూడా తగ్గింది. 1991 జులైలో సినిమా హాల్లో ఒక దళిత కుర్రాడి కాలు ముందు సీట్లోని అగ్రకులం వాడికి తగిలింది. గొడవ అక్కడ మొదలైందంటారు. నిజానికి కాలు తగలడం సాకు. ఆ కుర్రాడు డిగ్రీ చదివి, డబ్బులిచ్చి టికెట్టు కొనుక్కుని, వెనకసీట్లో కూర్చోగలగడమే అసలు విషయం. తర్వాత సాంఘిక బహిష్కరణ. ఊళ్లో 144 సెక్షను, పోలీసు పికెట్. పోలీసులు ఊళ్లో ఉండగానే ఆగస్టు 6 జరిగింది. పోలీసులొస్తున్నారు పారిపొమ్మని పోలీసులే చెప్పారనీ, అలా చేలవైపు పరిగెత్తినవాళ్లకి అక్కడ కత్తులూ గొడ్డళ్లూ ఎదురయ్యాయనీ బతికినవాళ్లు చెప్పారు. తర్వాత సెప్టెంబరులో, దళిత యువకుడొకరు పోలీసు కాల్పుల్లో చనిపోయాడు.

ఇక్కడ చుండూరుని కారంచేడు పక్కన పెట్టి చూడాలి. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. తాగే నీళ్ల చెరువులో పశువుల కుడితి కలపొద్దన్నందుకు మొదలైన గొడవ అది. అప్పుడు జనం చీరాలకి పారిపోయారు. శిబిరంలో ఉన్నారు. మళ్లీ కారంచేడు వెళ్లలేదు. చీరాలలోనే విజయనగర్ కాలనీ కట్టుకున్నారు, చనిపోయినవాళ్ల స్మారకం కూడా అక్కడే వెలిసింది. దళిత మహాసభ పుట్టింది ఆ శిబిరం నేపథ్యంలోనే. అంటే కారంచేడు జ్ఞాపకం కారంచేడులో లేదు, వలసపోయింది. చంపినవాళ్ల ఊరు ఎప్పటిలాగే ఉండిపోయింది.

ఆరేళ్ల తర్వాత చుండూరువాళ్లు కూడా తెనాలిలో తలదాచుకున్నారు. కానీ తిరిగొచ్చారు. శవాలైతే అంతకుముందే ఊరి మధ్యకి చేరాయి. కారంచేడు నేర్పిన పాఠం ఇందులో ఉందనుకుంటాను. ఊరు వదిలేస్తే జ్ఞాపకానికి స్థలం ఉండదు. పల్లె బయటుండాలి, శ్మశానం ఇంకా బయటుండాలి, దళితుల శ్మశానం వేరేగా ఉండాలి అనేది మన ఊళ్ల ప్లాను. ఎనిమిది సమాధులు ఆ ప్లానుని మార్చేశాయి. చంపినవాడు, చూసినవాడు, చూడనట్టు నటించినవాడు, వీళ్ల పిల్లలు, అందరూ రోజూ ఆ పక్కనుంచే నడవాలి. మ్యూజియానికైతే వెళ్లాలనుకున్నవాడే వెళ్తాడు. దీనికి ఆ వెసులుబాటు లేదు.

ఇప్పుడు ‘ఎగ్జిబిట్’ అనే మాట దగ్గరికొద్దాం. ఈ మాట రెండుచోట్ల వినిపిస్తుంది. మ్యూజియంలో చూడ్డానికి పెట్టిన వస్తువుని ఎగ్జిబిట్ అంటారు. కోర్టులో సాక్ష్యంగా దాఖలు చేసిన కాగితాన్ని కూడా ఎగ్జిబిట్ అనే అంటారు, నంబరు వేస్తారు. చుండూరు ఈ రెండో అర్థం కోసం కూడా కొట్లాడింది. 1989 నాటి ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ప్రత్యేక కోర్టు పెట్టాలని, అది గుంటూరులోనో తెనాలిలోనో కాదు, చుండూరులోనే పెట్టాలని బాధితులు పట్టుబట్టారు. సాధించారు. నేరం జరిగిన ఊళ్లోనే విచారణ జరగడం దేశంలో అదే మొదటిసారి. సాక్షి చెప్పే చేను ఎటు ఉందో జడ్జిగారు లేచి వెళ్లి చూడగలిగేంత దగ్గర. కూలిమానుకుని బస్సెక్కి వెళ్లే పని లేకుండా జనం విచారణ వినగలిగేంత దగ్గర.

2007 జులై 31న తీర్పొచ్చింది. 179 మంది విచారణ ఎదుర్కొంటే 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు, 123 మంది నిర్దోషులు. పదహారేళ్లు పట్టింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. ఎవరు సరిగ్గా ఏ సమయంలో చనిపోయారో, ఎక్కడ చనిపోయారో, ఎవరు ఎవర్ని కొట్టారో ప్రాసిక్యూషన్ నిరూపించలేకపోయిందన్నది అందులో ప్రధానమైన కారణం. కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది.

నేను సాఫ్ట్‌వేర్ పని చేస్తాను. మాకు సర్వర్ పడిపోతే ముందు చూసేది లాగ్ ఫైలు. ఏ సెకనుకి ఏం జరిగిందో వరసగా ఉంటుంది. అది లేకపోతే ఏం జరిగిందో మేం కూడా చెప్పలేం. కాబట్టి సమయం, స్థలం, పేరు కావాలని కోర్టు అడగడం నాకు అర్థమవుతుంది. నిర్దోషికి శిక్ష పడకూడదు. కానీ లాగ్ ఎవరు రాస్తారు? మా దగ్గర మెషీన్ రాస్తుంది, దానికి ప్రాణభయం లేదు. చుండూరులో లాగ్ రాయాల్సింది, పైరు మధ్య బోర్లా పడుకుని ఊపిరి బిగబట్టిన మనిషి. గట్టు మీద తన అన్నని నరుకుతున్నప్పుడు అతను వాచీ చూసుకోవాలి. పదమూడేళ్లు పోయాక బోనులో నిలబడి, ఎవరి చేతిలో కత్తో ఎవరి చేతిలో గొడ్డలో తడబడకుండా చెప్పాలి. వందలమంది కలిసి, చాలాచోట్ల, ఒకే పూట చేసిన హత్యని ఇద్దరు మనుషుల మధ్య జరిగిన హత్యలా కొలిస్తే లెక్క తేలదు. అందరూ చేశారు కాబట్టి ఎవరూ చేయలేదనే జవాబొస్తుంది. శవాల్ని డ్రెయిన్‌లో పడేసినవాళ్లు కోరుకున్నదీ అదే. నీళ్లలో నానిన శవం మీద సమయం చెరిగిపోతుంది.

అందుకే రెండు ఎగ్జిబిట్లూ కావాలి. కోర్టు ఒప్పుకోని సాక్ష్యాన్ని దాచిపెట్టేది స్మారకమే. బాధితులే స్మారకాన్ని నడిపితే ఎలా ఉంటుందో భోపాల్‌లో చూడొచ్చు. 1984 డిసెంబరు గ్యాసు బాధితులు ముప్పై ఏళ్ల తర్వాత, ప్రభుత్వం డబ్బూ కంపెనీల డబ్బూ తీసుకోకుండా, ‘రిమెంబర్ భోపాల్’ మ్యూజియం పెట్టుకున్నారు. అందులో మామూలు ఇంటి వస్తువులుంటాయి, రికార్డు చేసిన బాధితుల గొంతులుంటాయి. ప్రభుత్వం చేతిలో పడితే ఎలా ఉంటుందో చూడ్డానికి జలియన్‌వాలాబాగ్ ఉంది. 2021లో దాన్ని బాగుచేశారు. డయ్యర్ సైనికులు లోపలికొచ్చిన ఇరుకు సందులో నవ్వుతున్న మనుషుల శిల్పాలు పెట్టారు, లైట్ అండ్ సౌండ్ షో పెట్టారు. చరిత్రకారులు మండిపడ్డారు. భయం కలిగించాల్సిన సందు ఫొటోలు దిగే చోటైంది.

రక్తక్షేత్రాన్ని ఎవరైనా అలా బాగుచేస్తామంటే వద్దనే అంటాను. కానీ పక్కన ఒక గది ఉంటే బాగుండనిపిస్తుంది. అందులో ఎవరెటు పరిగెత్తారో చూపించే చేల మ్యాపు, ఛార్జిషీటు, 2007 తీర్పు, 2014 తీర్పు పక్కపక్కనే. సాక్షుల మాటలు వాళ్ల గొంతుల్లోనే. వాటితోపాటు పుస్తకాలు. 1995లో వచ్చిన ‘చిక్కనవుతున్న పాట’ సంకలనం వెనక కారంచేడు, చుండూరు రెండూ ఉన్నాయి. దళిత కవిత్వాన్ని మనం శైలి గురించో ఆగ్రహం గురించో చదివి వదిలేస్తుంటాం. చుండూరు తీర్పు తర్వాత చదివితే ఆ కవితలు వాంగ్మూలాల్లా కూడా కనిపిస్తాయి.

ఇదంతా ఎప్పటిదో, ఎక్కడిదో అనుకునేవాళ్లకి మా జిల్లా సంగతి ఒకటి చెప్పాలి. తాడేపల్లిగూడెంకి ఎంతో దూరం లేని గరగపర్రులో, 2017లో, మిగతా నాయకుల విగ్రహాలున్న చోటే అంబేడ్కర్ విగ్రహం కూడా పెడతామన్నందుకు దళిత కుటుంబాల్ని వెలేశారు. కూలికి పిలవడం మానేశారు. అక్కడ అడిగింది నాలుగడుగుల జాగా. అయితే ఆ జాగా ఊరి నడుమ. చుండూరువాళ్లు అదే జాగాని ఎనిమిది శవాలతో తీసుకున్నారు. ఏ కోర్టు తీర్పూ వాళ్లని ఇప్పటిదాకా అక్కణ్ణుంచి కదపలేదు.