బోనుల్లో దొరికిన సాక్ష్యం

1904లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో కంటి వైద్యుడు జాన్ లాక్‌హార్ట్ గిబ్సన్ ఒక సంగతి గట్టిగా చెప్పాడు. ఊళ్లో పిల్లలకు చూపు మందగించడానికీ, కాళ్లూ చేతులూ చచ్చుబడటానికీ ఇళ్ల వరండా కటకటాలకు వేసిన రంగే కారణమన్నాడు. ఎండకు ఆ రంగు పొడిపొడిగా రాలుతుంది, చేతికి అంటుతుంది, వేళ్లు చీకే పిల్లల నోట్లోకి పోతుంది. ఆ రంగులో ఉన్నది సీసం. చావు తప్పిన పిల్లవాడు బాగుపడ్డట్టేనని ఆనాటి వైద్యుల లెక్క. 1943లో బోస్టన్‌లో ర్యాండాల్ఫ్ బయ్యర్స్, ఎలిజబెత్ లార్డ్ ఆ లెక్కను తిరగరాశారు. సీసం జబ్బు నుంచి కోలుకున్నారనుకున్న 20 మంది పిల్లలను వాళ్లు కొన్నేళ్లు వెంటాడి చూస్తే, అందులో 19 మంది బడిలో నెగ్గుకురాలేకపోయారు.

ఈలోగా సీసం రోడ్డెక్కింది. ఇంజన్ కొట్టుకోకుండా పెట్రోల్లో సీసం కలపవచ్చని 1921లో జనరల్ మోటార్స్‌లో థామస్ మిడ్జ్‌లీ కనిపెట్టాడు. 1923లో అమ్మకాలు మొదలయ్యాయి. సీసం మనిషి ఒంట్లో సహజంగానే ఉంటుందనీ, ఒక హద్దు దాటితే తప్ప భయం లేదనీ పరిశ్రమ తరఫున రాబర్ట్ కీహో దశాబ్దాల పాటు చెబుతూ వచ్చాడు. ఆ హద్దు లోపల ఉన్న కోట్లాది పిల్లల సంగతి ఎవరూ అడగలేదు.

అడిగినవాళ్లకు సిద్ధంగా ఒక జవాబు ఉండేది. సీసం ఎక్కువున్న పిల్లలు పేదల పిల్లలు. పాత ఇళ్లు, చాలీచాలని తిండి, చదువులేని తల్లిదండ్రులు. బుద్ధి మందగించడానికి అవే చాలు, సీసాన్ని నిందించడం ఎందుకు? ఇంకో అడుగు ముందుకు వేసి, మందబుద్ధి పిల్లలే రంగు పెచ్చులు తింటారు కాబట్టి వాళ్ల ఒంట్లో సీసం ఉంటుందని వాదించినవాళ్లూ ఉన్నారు. 1979లో హెర్బర్ట్ నీడిల్‌మన్ బోస్టన్ పక్కనున్న చెల్సీ, సోమర్‌విల్ పిల్లల ఊడిన పాలపళ్లను సేకరించి వాటిలో సీసం కొలిచాడు. సీసం ఎక్కువున్న పిల్లలు తెలివితేటల పరీక్షల్లో వెనకబడ్డారు, తరగతిలో ధ్యాస నిలపలేకపోయారు. పైకి ఏ జబ్బూ లేని పిల్లలు వాళ్లు. అయినా ఎదుటి పక్షం అదే పాట పాడింది. తర్వాత ఆయన మీద శాస్త్రీయ అక్రమాల ఆరోపణలు వచ్చాయి, విచారణలు జరిగాయి, ఆరోపణ నిలవలేదు. కానీ అసలు ప్రశ్న తెగాలంటే పేదరికం, ఇల్లు, తల్లి చదువు అనే మాటలకు తావే లేని సాక్షి కావాలి. పసితనం ఎక్కువకాలం సాగే జీవి కావాలి. ఎలుకతో ఆ పని కాదు. కోతి కావాలి.

కోతుల్లో సీసం సంగతి మొదట బయటపడింది ల్యాబులో కాదు, జంతుప్రదర్శనశాలలో. వాషింగ్టన్ జూలో ఎన్నో జాతుల కోతులకూ లీమర్ల వంటి ప్రాణులకూ మెదడు, వెన్నుపాము దెబ్బతిన్నాయని, దానితో పాటు సీసం జబ్బు కనబడుతోందని 1970లో సావర్, జుక్, గార్నర్ సైన్స్ పత్రికలో రాశారు. మూలం బోనులకు వేసిన రంగు. బ్రిస్బేన్ వరండాలో పిల్లలకు జరిగినదే ఇక్కడ బోనులో జరిగింది.

1970లలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో పసి రీసస్ కోతులకు సీసం ఇచ్చి చూడటం మొదలైంది. మోతాదు ఎక్కువైనప్పుడు కూనలు ఆటలు మానేసి ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని కూర్చునేవి. పైకి ఏ లక్షణమూ లేని మోతాదుల్లో కూడా నేర్చుకోవడంలో తేడా వచ్చేది. ఎక్కువ సీసం పొందిన వాటికి, సీసం ఆపేశాక కూడా, మసక వెలుతురులో చూపు సరిగా ఆనలేదని బుష్నెల్, బౌమన్ బృందం 1977లో చెప్పింది. ఇక్కడ మనకు సంబంధించిన మాట ఒకటుంది. ఆనాటి అమెరికా ల్యాబులకు రీసస్ కోతులు పెద్ద ఎత్తున వెళ్లింది భారతదేశం నుంచే. 1978లో మన ప్రభుత్వం ఆ ఎగుమతిని నిషేధించింది. ఆ నిర్ణయం సరైనదేనని నా అభిప్రాయం. ఆ ప్రాణుల మీద జరిగిన పని నుంచి మన పిల్లలకు దక్కిన జ్ఞానం మాత్రం కాదనలేనిది. ఈ రెండు మాటలూ నాకు ఒకేసారి నిజాలు.

అసలు తీర్పు ఒట్టావాలో వెలువడింది. కెనడా ఆరోగ్యశాఖ ల్యాబులో డెబోరా రైస్ సైనోమోల్గస్ జాతి కోతికూనలకు పుట్టినప్పటి నుంచి రోజూ కిలో బరువుకు 50 లేదా 100 మైక్రోగ్రాముల చొప్పున సీసం ఇచ్చింది. డబ్బాపాలు తాగే రోజుల్లో రక్తంలో సీసం డెసిలీటరుకు 15, 25 మైక్రోగ్రాముల దాకా పెరిగి, పాలు మాన్పించాక 11, 13 దగ్గర నిలిచింది. అప్పట్లో నగరాల్లో పెరిగే మామూలు పిల్లల రక్తంలో అంతకన్నా ఎక్కువే ఉండేది. కూనలు చక్కగా ఎదిగాయి. తిండికి లోటు లేదు, రోగం లేదు, అన్నిటికీ ఒకే గూడు, ఒకే తిండి.

పరీక్ష ఇలా ఉంటుంది. కోతి ముందు రెండు మీటలు. ఒక రంగు వెలిగిన మీట నొక్కితే పళ్లరసం వస్తుంది. కోతి ఆ సంగతి పట్టేశాక నియమాన్ని తిప్పేస్తారు. ఇప్పుడు రసం రెండో రంగుకు. మామూలు కోతి కొన్నిసార్లు తప్పు నొక్కి, తేరుకుని, కొత్త నియమం పట్టుకుంటుంది. మళ్లీ మళ్లీ తిప్పేకొద్దీ ఇంకా త్వరగా పట్టుకుంటుంది. సీసం తాగిన కోతులు ఆ మార్పు దగ్గర తడబడ్డాయి. సంబంధం లేని ఆకారాలు మీటల మీద కనబడితే వాటి వెంట పోయాయి. మరో పరీక్షలో కుడి మీట, ఎడమ మీట మార్చి మార్చి నొక్కాలి, మధ్యలో కాసేపు ఆగాలి. ఆగే సమయం పెరిగేకొద్దీ సీసం తాగినవి నొక్కిన మీటనే మళ్లీ నొక్కేవి. మూడు నాలుగేళ్లప్పుడు కనబడ్డ లోపం తొమ్మిది పదేళ్ల వయసులోనూ పోలేదు. నీడిల్‌మన్ పిల్లల గురించి బడి టీచర్లు చెప్పిన ఫిర్యాదు కూడా ఇదే: ధ్యాస నిలవదు, చెప్పింది పట్టుకోరు, తొందరపడతారు. ఈ కూనలకు మాత్రం పేదరికం లేదు, చదువులేని తల్లి లేదు.

అయితే ఏ వయసులో సీసం తగిలితే ముప్పు? దానికోసం కొన్నింటికి పసితనంలోనే, కొన్నింటికి పసితనం దాటాకే, కొన్నింటికి మొదటి నుంచీ ఇచ్చి చూశారు. మీటలు మార్చి నొక్కే పరీక్షలో అన్ని గుంపులూ దెబ్బతిన్నాయని 1990లో రైస్, గిల్బర్ట్ రాశారు. ఈ గండం గడిస్తే చాలని చెప్పుకునే వయసు లేదన్నమాట.

అమెరికాలో పిల్లల రక్తంలో సీసానికి పెట్టిన హద్దు ఈ కాలంలోనే మెట్టు మెట్టుగా దిగింది. 1975లో 30 మైక్రోగ్రాములు, 1985లో 25, 1991లో 10, 2012లో 5, 2021లో 3.5. 2005లో బ్రూస్ లాన్‌ఫియర్ బృందం 1,333 మంది పిల్లల లెక్కలను కలిపి చూసి, తెలివితేటల్లో నష్టం అట్టడుగు మోతాదుల దగ్గరే ఎక్కువ వేగంగా ఉందని తేల్చింది.

మందు ఉందా? ఒంట్లోంచి సీసాన్ని లాగే సక్సిమర్ ఉంది. కోతికూనలకు ఇచ్చి చూస్తే రక్తంలో సీసం తగ్గింది కానీ, మెదడులో మాత్రం సీసం తాగడం మానేసినందువల్ల తగ్గినదానికన్నా ఎక్కువేమీ తగ్గలేదు. 2001లో 780 మంది పిల్లల మీద జరిగిన పరీక్షలోనూ రక్తంలో సీసం దిగింది, తెలివితేటల పరీక్షలో లాభం కనబడలేదు. లోపలికి పోయాక మనం చేయగలిగింది చాలా తక్కువ. నివారణ గురించి అంత పట్టుదలగా మాట్లాడేది అందుకే.

రైస్ కోతుల్లో కొన్నింటికి 400 రోజులకే సీసం ఆపేశారు. అవి మామూలు కోతుల్లా ముసలివయ్యాయి. 23 ఏళ్ల వయసులో వాటి మెదళ్లను పరిశీలించిన నాసర్ జావియా బృందం, అల్జీమర్స్‌లో కనబడే తరహా మార్పులు వాటిలో ఉన్నాయని 2008లో ప్రకటించింది. కోతులు కొద్దిపాటివే. మనుషుల్లోనూ ఇలాగే జరుగుతుందని దీన్నిబట్టి తేల్చి చెప్పలేం. కానీ మన దేశంలో సీసం పెట్రోలు పూర్తిగా ఆగింది 2000లో. హైదరాబాద్, విజయవాడ రోడ్ల పక్కన ఆ పొగ పీల్చి పెరిగిన పిల్లలు ఇప్పుడు నడివయసులో ఉన్నారు. పెయింట్లలో సీసానికి 90 పీపీఎం హద్దు 2017 నవంబరులో గానీ అమల్లోకి రాలేదు. రక్తంలో సీసం 5 మైక్రోగ్రాములు దాటిన పిల్లలు భారత్‌లో సుమారు 27.5 కోట్లని 2020లో యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ నివేదిక అంచనా వేసింది.

ఒట్టావా కోతుల నుంచి వచ్చిన ఇంకో ఫలితం గురించి బయట తక్కువ మాట్లాడతారు. సీసాన్ని శరీరం కాల్షియం అనుకుని ఎముకలో దాచుకుంటుంది. వేర్వేరు కాలాల్లో వేర్వేరు ఐసోటోపుల సీసం ఇచ్చి, గర్భంతో ఉన్నప్పుడు రక్తంలో ఏది తేలుతుందో క్లెయిర్ ఫ్రాంక్లిన్ బృందం చూసి 1997లో ప్రచురించింది. ఏనాడో ఎముకలో చేరిన సీసం నెలలు నిండేకొద్దీ రక్తంలోకి దిగింది. కొంత కడుపులోని కూన ఎముకల్లోకీ చేరింది. 1990లలో మన పట్టణాల్లో పుట్టిన ఆడపిల్లలు ఇవాళ తల్లులవుతున్నారు. మెక్సికో నగరంలో గర్భిణులకు రోజూ 1,200 మిల్లీగ్రాముల కాల్షియం ఇచ్చి చూస్తే రక్తంలో సీసం సగటున 11 శాతం తగ్గింది. మన పీహెచ్‌సీల్లో గర్భిణులకు ఇచ్చే కాల్షియం మాత్రలు ఎముక బలానికేనని అనుకుంటాం. అవి ఈ పని కూడా చేస్తాయని ఆశా కార్యకర్తకూ, ఆ మాత్ర మింగే అమ్మాయికీ చెప్పాలి.