ఊరికే మోగిన డప్పు

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి డెల్టా పచ్చబడింది. డప్పు కొట్టే మాదిగోడి బతుకు పచ్చబడలేదు. చాటింపుకి, జాతరకి, శవం ముందు నడవడానికి డప్పు కావాలి. వేపచెక్క వలయానికి తోలు బిగించి, మంట మీద కాచి, చిర్రతో, చిటికెన పుల్లతో మోగించే మనిషి మాత్రం అంటరానోడు. అతనికి దక్కింది కూలి కాదు, విదిల్చిన గింజలు.

1980లో అమెరికాలో లిన్ ఎల్‌ఎమ్-1 వచ్చింది. అసలైన డ్రమ్ముల చప్పుడుని చిప్పుల్లో దాచి వినిపించిన తొలి యంత్రమది. ఇవాళ ఆ పనినే హైడ్రోజెన్ అనే సాఫ్ట్‌వేర్ పైసా అడక్కుండా కంప్యూటర్లో చేస్తుంది. అందులో ఉన్న విదేశీ డ్రమ్ముల్ని తీసేసి, మన డప్పు దెబ్బల్ని రికార్డు చేసి పెట్టుకోవచ్చు.

అయితే ఊరికే దొరకడం వేరు, స్వేచ్ఛ వేరు. హైడ్రోజెన్‌ని కాపాడేది 1989లో మొదలైన జీపీఎల్ లైసెన్సు. ఎవరైనా వాడొచ్చు, మార్చొచ్చు, పంచొచ్చు. రాసినవాళ్ల పేరు మాత్రం చెరపకూడదు. మరి మన డప్పుకి ఆ పాటి నియమం ఎవరు పెట్టారు? ఊరు దరువుని వాడుకుంది, పేరుని చెరిపేసింది.

1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన మాదిగ దండోరా, ఆ చాటింపు మాటనే తన పేరుగా పెట్టుకుంది. మనమూ అంతే చెయ్యాలి. కంప్యూటర్లోకెక్కే ప్రతి దెబ్బ పక్కనా కొట్టినోడి పేరూ, పేటా రాయాలి. లేకపోతే అది మళ్లీ వెట్టే.