రెండు ఆటల కోట రామస్వామి



ఇండియా తరపున టెన్నిస్‌లో డేవిస్ కప్పు, క్రికెట్‌లో టెస్టు మ్యాచ్ రెండూ ఆడిన తెలుగాయన ఒకరున్నారు. పేరు కోట రామస్వామి. 1896లో మద్రాసులో పుట్టారు. ఉదయగిరి, ఆత్మకూరు హాస్టళ్లలో చదువుకునే మన పిల్లలకి ఈ పేరు తెలియకపోవడంలో వింతేమీ లేదు. క్రికెట్ అంటే ప్రాణం పెట్టేవాళ్లకే సరిగ్గా తెలీదు. అయినా ఈ కథ మనకి కావాలి. అప్పట్లో మన నెల్లూరు జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. అంటే ఆయనా, మన తాత ముత్తాతలూ ఒకే ప్రభుత్వం కింద బతికారు.

ముందు తండ్రి సంగతి చెప్పాలి. ఆయన బుచ్చిబాబు నాయుడు. దుబాసీలుగా గడించిన కుటుంబం, మైలాపూరు లజ్‌లో పెద్ద బంగళా. చెపాకంలో మద్రాస్ క్రికెట్ క్లబ్ తెల్లవాళ్లది. ఆడటానికి వచ్చిన ఇండియన్లని పెవిలియన్‌లోకి రానిచ్చేవాళ్లు కాదు, పోయి చెట్టు కింద కూర్చోవాల్సిందే. ఇది బుచ్చిబాబుకి గట్టిగా తగిలింది. 1888లో మద్రాస్ యునైటెడ్ క్లబ్ పెట్టి, ఇండియన్ కుర్రాళ్లని కూడగట్టి ఆడించాడు. ఇప్పటికీ ఆయన పేరు మీద టోర్నమెంట్ జరుగుతుంది.

ఆ చెట్టు దగ్గర కాసేపు ఆగుదాం. అవమానం నిజమే, నేను కాదనను. కానీ దానికి జవాబుగా ఒక క్లబ్బు లేచింది, ఎందుకంటే వెనక బంగళా ఉంది. అదే కాలంలో పూనాలో పల్వంకర్ బాలు అనే చమార్ కుర్రాడు క్లబ్బు మైదానంలో రోలర్ లాగేవాడు. నెలకి నాలుగు రూపాయల జీతం. దొరలకి నెట్స్‌లో గంటలకొద్దీ బౌలింగ్ వెయ్యడమే ఆయన పని, బ్యాట్ మాత్రం చేతికిచ్చేవాళ్లు కాదు. తర్వాత హిందువుల జట్టులోకి తీసుకున్నారు, తెల్లవాళ్లని ఓడించాలంటే ఆయన లేకుండా కుదరదు కాబట్టి. టీ విరామంలో సవర్ణ ఆటగాళ్లు లోపల కప్పుల్లో తాగితే ఆయనకి బయట మట్టి పిడతలో పోసేవాళ్లు. 1911 ఇంగ్లండ్ పర్యటనలో ఆయన తీసిన వికెట్లు 114. బుచ్చిబాబుని బయట కూర్చోబెట్టింది తెల్లోడు. బాలుని బయట నిలబెట్టింది తనతోపాటు ఆడినవాళ్లే.

ఇప్పుడు రామస్వామి దగ్గరికి వద్దాం. తల్లి తరపు తాతకి దత్తత వెళ్లడంతో ఇంటిపేరు కోట అయింది. కేంబ్రిడ్జిలో చదువు, అక్కడే టెన్నిస్. 1922లో డేవిస్ కప్పులో ఫైజీతో జంటగా డబుల్స్ ఆడాడు. ఆ ఏడు ఇండియా రుమేనియాని గెలిచి, స్పెయిన్ చేతిలో ఓడింది. తిరిగొచ్చాక వ్యవసాయ శాఖలో ఉద్యోగం.

ఆయన డేవిస్ కప్పు ఆడిన రెండేళ్లకి, 1924లో, మద్రాసు శాసన మండలిలో రెట్టమలై శ్రీనివాసన్ ఒక తీర్మానం పెట్టాడు. ఏమడిగాడో తెలుసా? ప్రభుత్వ రోడ్డు మీద, వీధిలో నడిచే హక్కు. అందరి బావిలో, చెరువులో నీళ్లు తోడుకునే హక్కు. అంతే. ఒకే ప్రెసిడెన్సీలో ఒకరు సముద్రం దాటి ఆడి వస్తున్నారు, ఇంకొకరికి వీధి దాటడానికి తీర్మానం కావాలి. ఆ తీర్మానం వర్తించాల్సిన ఊళ్లలో మన మాలపల్లెలూ, అరుంధతీవాడలూ కూడా ఉన్నాయి. వీధిలో నడవనివ్వనోడు మైదానంలో ఆడనిస్తాడా?

దీనికి రామస్వామి ప్రతిభని తగ్గించి చెప్పాల్సిన పనిలేదు. 1936లో ఇంగ్లండ్ వెళ్లిన జట్టులోకి వచ్చేసరికి ఆయనకి నలభై. మాంచెస్టర్‌లో మొదటి టెస్టు: 40, 60. తర్వాత ఓవల్లో 29, 41 నాటౌట్. రెండే టెస్టులు, 170 పరుగులు, సగటు 56.66. మామూలు విషయం కాదు. అదే జట్టుకి కెప్టెన్ ఎవరు? విజయనగరం మహారాజకుమార్, మన జమీందారే. మూడు టెస్టుల్లో కలిపి 33 పరుగులు. ఆటకంటే పలుకుబడితోనే కెప్టెనయ్యాడు. నాకు ఈ లెక్క చూసినప్పుడల్లా నవ్వొస్తుంది, ‘రిజర్వేషన్ వల్ల ప్రతిభ చచ్చిపోతోంది’ అనేవాళ్లు దీన్ని ఎప్పుడూ ఎత్తరు. అన్నట్టు బాబాసాహెబ్ ‘కుల నిర్మూలన’ అచ్చయింది కూడా ఆ 1936లోనే.

అదే జట్టులో మద్రాసు నుంచి ఇంకో రెండు ఆటల మనిషి ఉన్నాడు, ఎం.జె. గోపాలన్. హాకీ, క్రికెట్. రామస్వామికి ఉన్న బంగళా ఆయనకి లేదు. జాన్‌స్టన్ అనే దొర ఆయన బౌలింగ్ చూసి, కంపెనీలో ఉద్యోగం ఇప్పించి నిలబెట్టాడు. ఆ వేసవిలో బెర్లిన్ ఒలింపిక్స్ హాకీనా, ఇంగ్లండ్ క్రికెట్టా అని తేల్చుకోవాల్సి వచ్చి క్రికెట్ ఎంచుకున్నాడు. ఇంగ్లండ్‌లో ఒక్క టెస్టూ ఆడించలేదు. బెర్లిన్‌లో హాకీ జట్టు బంగారు పతకం తెచ్చింది.

రామస్వామి తర్వాత సెలక్టర్ అయ్యారు, తన ఆటల గురించి ఇంగ్లీషులో పుస్తకం రాసుకున్నారు. 1985 అక్టోబరులో, 89 ఏళ్ల వయసులో, మద్రాసు అడయారులో ఇంట్లోంచి బయటికి వెళ్లి మళ్లీ రాలేదు. చనిపోయి ఉంటారనుకున్నారు గానీ ఏమయ్యారో తేలలేదు.

ఒక పెద్దమనిషి కనపడకుండా పోతే క్రికెట్ పుస్తకాల్లోకి కూడా ఎక్కింది. మన వాడల్లో చెడుగుడు, బిళ్ళంగోడు ఆడి పెరిగి, పొద్దంతా కూలికి పోయినవాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. అందుకే ఉదయగిరి, ఆత్మకూరు పిల్లలకి ఒక పని చెప్తున్నా. ఈ సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు మీ అవ్వనీ తాతనీ అడగండి: మన పల్లెలో బాగా ఆడేవాళ్లు ఎవరు, యాడ ఆడేవాళ్లు, ఊళ్లోవాళ్లతో కలిపి ఆడనిచ్చారా, ఎందుకు మానేశారు. నోట్‌బుక్‌లో రాసుకుని రండి.

వచ్చే భాగంలో బాలు గురించి వివరంగా రాస్తాను. 1937 ఎన్నికల్లో ఆయన బాబాసాహెబ్ మీద ఎందుకు నిలబడ్డాడో కూడా.