ముర్రుపాల చరిత్రము

ఆవు ఈనినవెంటనే దూడను పొదుగుకడకు చేర్చి, తొలిచుక్కలు దాని నోట బడునట్లు చూచుట కాపులందఱు ఎఱిగిన పని. జున్నుమీద ఎంత మక్కువ యున్నను దూడ త్రాగిన పిదపనే మనకు. అట్టి యిండ్లలోనే, పురిటిగదిలో బాలింత తొలిపాలను పిండి మూలను పాఱబోయించుటయు బహుకాలము నడచినది. ఒకే కప్పుక్రింద ఈ రెండాచారములు ఎట్లు కలిసి కాపురము చేసినవో, పాలు పిండుట యను పనికి మనదేశమున ఎంత ప్రాతచరిత్ర గలదో, ఆ పనియే నేడు శిశువుల ప్రాణరక్షణకు ఎట్లు ఉపయోగపడుచున్నదో చెప్పుట ఈ ప్రసంగమున నా యుద్దేశము. ఆడువారి ముచ్చట పెద్దమనుష్యుల యెదుట నేల యని కొందఱు అనవచ్చును. పురిటింటి తలుపు వెలుపల గూర్చున్న పెద్దల మాటమీదనే లోపలి పనులు అనేకము జరుగుచుండును గనుక వారికే చెప్పవలసియున్నది.

చనుబాలను పిండి గిన్నెలోనికి తీయుట ఆసుపత్రులతో వచ్చిన క్రొత్త విద్య కాదు. ‘ఉగ్గు’ అను మన మాటను చూడుడు. ఆముదమును చనుబాలతో గలిపి పసిబిడ్డకు పట్టెడిదానికి ఆ పేరు వచ్చినది. దానిని పట్టెడి మూతిసాగిన చిన్నపాత్రమే ఉగ్గుగిన్నె. కలవారి యింట వెండిది, లేనివారి యింట ఇత్తడిది. పాలు పిండనిదే ఆ ఉగ్గు లేదు. వసకొమ్ము అరగదీసి రంగరించుటకును, కన్నులు కలకబాఱినప్పుడు చుక్క వేయుటకును చనుబాలే పిండెడివారు. ఈ రెండు వాడుకలను నేటి వైద్యులు ఒప్పరు, ఒప్పకుండుటయే మేలు. అయినను మన ముత్తవ్వల చేతికి ఈ పని బాగుగ తెలిసియుండెనని చెప్పుటకు ఇంతకు మించిన సాక్ష్యము అక్కఱలేదు.

ఇక శాస్త్రములకు వత్తము. చరకసంహిత శారీరస్థానమున, పుట్టిన శిశువునకు మంత్రపూర్వకముగ తేనెయు నేయియు నాకించి, పిమ్మట కుడిరొమ్ము మొదట నీయవలెనని యున్నది. మంచిపాలను పరీక్షించు విధమును చెప్పుచు, నీటిపాత్రములోనికి పిండినయెడల నీటితో కలిసిపోవునది శుద్ధమైన స్తన్యమని ఆ గ్రంథము నిర్ణయించినది. సుశ్రుతుడు వేఱుగ చెప్పెను. స్త్రీలకు మూడు నాలుగు రాత్రులు గడచినగాని పాలు ప్రవర్తింపవని తలచి, అందాక శిశువునకు తేనె, నేయి మొదలగువానిని విధించెను. రొమ్ము నిచ్చునప్పుడు సైతము దానిని కడిగి, కొంచెము పాలు పిండివేసి, అభిమంత్రించి యీయవలెననెను. పిండక యిచ్చినచో నిండిన రొమ్మునుండి పాలు వడిగా వచ్చి శిశువునకు దగ్గును, ఆయాసమును, వాంతియు కలుగునని కారణము చూపెను. ఈ కారణము నిజమే. పాలు గట్టిగా నిండిన రొమ్ము పట్టినప్పుడు బిడ్డకు పొలమాఱుట తల్లులందఱు చూచినదే. అయితే, నిండిన రొమ్మునుండి కొంచెము పిండుమన్న మాట రానురాను తొలిపాలన్నియు పాఱబోయుమన్న మాటగా మాఱియుండునని నాకు తోచుచున్నది. ఇది నా యూహయే గాని శాస్త్రవాక్యము కాదు.

మూడవనాటి సంగతియు విచారింపదగినదే. సుశ్రుతుని కన్ను తప్పు చూడలేదు. గర్భిణికి నెలలు నిండకముందే రొమ్ములలో చిక్కని పసుపుపచ్చని ముర్రుపాలు కొద్దిగా పుట్టియుండును. కాన్పై మాయ పడిన తరువాత, గర్భమును నిలిపియుంచిన రసములు రక్తమున తగ్గిపోవును. అప్పుడు గాని పాలు విస్తారముగ ఊరవు. దీనికి రెండు మొదలు నాలుగు దినములు పట్టును. పాలు ‘పడుట’ మూడవనాడన్నది నిజము. అంతవఱకు పాలు లేవన్నది పొరపాటు. తొలినాడు బిడ్డ ఒక్కమాఱు త్రాగునది చిన్నచెంచాకు మించదు. ఆ దినమున దానికి చాలునదియు అంతే. ఆ కొంచెమును చూచియే “పాలు లేవు, పంచదారనీళ్లు పట్టుడు” అని అత్తలును అమ్మమ్మలును తొందరపడిరి.

ముర్రుపాలను వెలివేసినది మనము మాత్రమే కాదు. క్రీస్తుశకము రెండవ శతాబ్దమున రోమునగరమున వైద్యము చేసిన సొరేనసు అను గ్రీకువైద్యుడు, కాన్పు శ్రమచే తల్లిపాలు కలత చెందియుండునని చెప్పి మొదటి దినములలో వానిని వలదనెను. మన హైదరాబాదు హకీములకు పరమప్రమాణమైన అబూ అలీ సీనా 1037లో గతించెను. తల్లిపాలే ఉత్తమమని యొప్పుకొనియు, తొలిదినములలో వేఱొక స్త్రీ పాలిచ్చుట మేలనెను. ఐరోపాలో ఈ భ్రమను గట్టిగా ఖండించినవారిలో ముఖ్యుడు విలియం కడోగన్ అను ఆంగ్లవైద్యుడు. 1748లో లండను అనాథశిశుశాల యధికారులకు వ్రాసిన లేఖలో, పుట్టిన శిశువునకు వెన్న, పంచదార మొదలగునవి మాని తల్లిరొమ్మే వెంటనే యీయవలెనని ఆయన వాదించెను.

కారణము తెలియుటకు మఱి నూటయేబది యేండ్లు పట్టినది. 1892లో జర్మనీ శాస్త్రజ్ఞుడు పాల్ ఎర్లిఖ్, విషమునకు అలవాటుపడిన చుంచెలుక పాలను అలవాటులేని చుంచెలుక పిల్లలకు త్రాగించి, తల్లి శక్తి పాలగుండ పిల్లలకు దిగుట చూచెను. 1922లో అమెరికాలో థియొబాల్డ్ స్మిత్, రాల్ఫ్ లిటిల్ అనువారు కొన్ని దూడలకు ముర్రుపాలు పట్టించి, కొన్నిటికి మాన్పించిరి. త్రాగినవి బ్రదికినవి, త్రాగనివానిలో చాలవఱకు చచ్చినవి. మన కాపులు వేలయేండ్లుగ ఎఱిగినదే ప్రయోగశాలలో ఋజువైనది.

మఱి దూడ విషయమున ఎఱిగినది బిడ్డ విషయమున ఏల యెఱుగకపోతిమి? ఆవుకడుపులోని దూడకు తల్లిరక్తమునుండి రోగములనెదిరించు పదార్థములు చేరవు. సర్వమును ముర్రుపాలనుండియే రావలెను. అవి లేనినాడు దూడ కొన్నిదినములలోనే పడిపోవును. తప్పు కన్నులయెదుట కనబడును. మానవశిశువునకో, మాయద్వారా కొంతరక్షణ ముందే వచ్చియుండును. ముర్రుపాలు త్రాగకున్నను పలువురు బ్రదికిరి. బ్రదికినవారిని చూచి ఆచారము మంచిదే యనుకొంటిమి. రెండవవారమున విరేచనములతోనో, చీము పట్టిన బొడ్డుతోనో పోయిన బిడ్డకు దృష్టి తగిలిన దనుకొంటిమి. గొంతు, ప్రేగుల లోపొరను కాపాడెడి రక్షకపదార్థము మాయగుండ రాదు. అది ముర్రుపాలలోనే మెండుగనుండును. 2006లో ప్రకటితమైన యొక పరిశోధనమున ఘానాదేశపు పల్లెలలో దాదాపు 11,000 శిశువులను పరిశీలించిరి. పుట్టిన గంటలోగా అందఱకు తల్లిపాలు పట్టినచో నెలలోపు మరణములలో నూటికి 22 తప్పియుండునని వారి లెక్క. తేనెనుగూర్చి యొకమాట: తేనెలో నుండగల యొక సూక్ష్మజీవి పసివాని ప్రేగులలో విషము పుట్టించునని 1976 మొదలు వైద్యులు గుర్తించిరి. ఏడాది నిండనిదే తేనె నాకింపరాదు.

పాలు పిండుటవలన తల్లికిని మేలు గలదు. దూడ మూతి తగిలిన తోడనే ఆవు చేపును గదా. ఆ చేపు పుట్టించు రసము మెదడుక్రింద నున్న చిన్నగ్రంథినుండి వచ్చును. ఆ గ్రంథిసారము గర్భసంచిని బిగియజేయునని 1906లో హెన్రీ డేల్ కనుగొనెను. పాలను చేపించునని 1910లో తెలిసినది. కావున కాన్పైనవెంటనే బిడ్డ చీకినను, చేతితో పిండినను, గర్భసంచి ముడుచుకొని రక్తస్రావము తగ్గుటకు తోడ్పడును. ఈ కారణముచేతనే నెలలు నిండని గర్భిణి వైద్యుని యనుమతి లేక రొమ్ములు పిండరాదు.

మన ప్రాంతపు సంగతి. కుత్బుల్లాపూరు ఒకప్పుడు చెఱువులు, పొలములుగల పల్లె. నిజాముకాలమున మేడ్చలు తాలూకా అత్రాఫ్-ఎ-బల్దా జిల్లాలో, నిజాము స్వంతభూములలో చేరియుండెను. ఆనాడు పల్లెలలో కాన్పు మంత్రసాని చేతిమీదనే. నగరమున ఘోషాస్త్రీలకై విక్టోరియా జనానా ఆసుపత్రికి 1906లో శంకుస్థాపనము జరిగినను, బండిదారిని అంతదూరము పోగలవారెందఱు? తరువాత జీడిమెట్ల పారిశ్రామికవాడ వచ్చినది, పొలములు పోయినవి, 2007లో కుత్బుల్లాపూరు హైదరాబాదు మహానగరపాలక సంస్థలో చేరినది. 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము తెలంగాణమున నూటికి 97 కాన్పులు ఆసుపత్రులలోనే. ఇంత మాఱియు, గంటలోగా తల్లిపాలు త్రాగిన బిడ్డలు నూటికి 37 మందియే. మంత్రసాని పోయినది, ఆముదము పోయినది, ఆలస్యము మాత్రము నిలిచినది! నూటికి 60కి మించిన కాన్పులు కడుపుకోతవి యగుటయు దీనికొక కారణమని తలచెదను. మత్తు, నొప్పి, తల్లి యొకగదిని బిడ్డ యొకగదిని; ఇంతలో డబ్బాపాలసీసా సిద్ధము.

ఇచ్చటనే ప్రాతవిద్య అక్కఱకు వచ్చును. బిడ్డ రొమ్ము పట్టలేనిచో ముర్రుపాలను చేతితో పిండి, చెంచాతోనో ఉగ్గుగిన్నెతోనో పట్టవచ్చును. చేతులు సబ్బుతో కడుగుకొని, రొమ్ముమీది నల్లనివలయపు అంచున బొటనవ్రేలు పైనను, తక్కిన వ్రేళ్లు క్రిందను ఉంచి, ముందు వెనుకకు ఎదవైపు నొక్కి, పిదప వ్రేళ్లను దగ్గఱకు తేవలెను. మొనను లాగరాదు. చిక్కని ముర్రుపాలకు యంత్రముకంటె చేయియే మేలు. ఆ చుక్కలలో కొంత యంత్రమునకే అంటుకొని పోవును. పిండినపాలు 25 డిగ్రీలకు మించని గదిలో 4 గంటలు, శీతలయంత్రమున ఒకదినము నిలుచును. మన వేసవి ఆ హద్దును పొద్దెక్కకముందే దాటును గనుక ఎండకాలమున వెంటనే పట్టుట మంచిది.

కాన్పునకు ముందే పిండియుంచుట సైతము ఇటీవల పరీక్షకు వచ్చినది. మధుమేహముగల తల్లుల బిడ్డలకు పుట్టినతోడనే రక్తమున చక్కెర పడిపోవు భయము గలదు. ఆస్ట్రేలియాలో ఇట్టి గర్భిణులను, ఇతర ప్రమాదములు లేనివారిని, 635 మందిని తీసికొని, సగముమందిచే 36వ వారమునుండి దినమునకు రెండుమాఱులు పిండించి దాచిరి. దానివలన బిడ్డలకు హాని హెచ్చలేదని 2017లో ప్రకటించిరి. ఇది వైద్యుల పర్యవేక్షణమున జరిగినది.

“మా కోడలు బక్కది, దాని పాలలో ఏముండును?” అను సందేహమునకు ప్రత్యుత్తరము కూనూరున దొరకినది. 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, నేడు జాతీయ పోషకాహార సంస్థ యనబడు పరిశోధనశాల అప్పుడు అచ్చట నుండెను. అందు గోపాలన్, భవానీ బెలవాడి అనువారు పేదతల్లుల పాలను పరీక్షించి, క్రొవ్వు, విటమినులు కొంత తక్కువైనను, మాంసకృత్తులు అంతగా తీసిపోవని చూపిరి.

పాలు పిండి ఇతరుల బిడ్డలకు దానమిచ్చుటకు తొలి సంస్థ 1909లో వియన్నాలో ఏర్పడెను. మనదేశమున 1989లో బొంబాయి సయాను ఆసుపత్రిలో డాక్టరు అర్మిడా ఫెర్నాండెజు అట్టిదానిని స్థాపించెను. మన హైదరాబాదులో 1953లో వెలసిన నీలోఫరు ఆసుపత్రియందు 2017లో ‘ధాత్రి’ యను పేర తల్లిపాలనిధి నెలకొన్నది. దాతల పాలను పరీక్షించి, 62.5 డిగ్రీల వేడిమిలో 30 నిమిషములుంచి, చల్లార్చి దాచెదరు. నెలతక్కువగ పుట్టి, తల్లి దూరమున నున్న శిశువునకు ఆ పాలు పట్టెదరు. అయినను మొదట అడుగునది తల్లి స్వంతపాలనే. మేడ్చలునుండియో, శామీరుపేటనుండియో బిడ్డను నగరమునకు పంపి తాను బాలింతమంచమున నున్న తల్లి, రెండుమూడు గంటలకొకమాఱు పిండి, మూతగల గిన్నెలో మంచుపెట్టెనుంచి పంపవచ్చును. ఆ గిన్నెను వేళకు చేర్చు పని ఇంటి మగవారిది.